పాత బైక్ ట్యాంకులో తుప్పు, ఊడిపోతున్న లైనర్: ఏ ట్యాంకుకు ఏ పద్ధతి?

పాత బైక్ పెట్రోల్ ట్యాంకులో తుప్పు పోవాలంటే ఏం పోయాలని అడిగితే పది మంది పది పేర్లు చెబుతారు. ఒకరు వెనిగర్ అంటారు, ఇంకొకరు యాసిడ్, మరొకరు బ్యాటరీ ఛార్జర్ పెట్టి కరెంటు ఇవ్వమంటారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి ట్యాంకుకు వాళ్ల మందు పనిచేసింది, అంతే. అందుకని ఏ మందు మంచిది అనే దానికంటే ముందు మీ ట్యాంకు గురించి మూడు సంగతులు తేల్చుకోవాలి: లోపల ఎవరైనా ఎప్పుడో వేసిన లైనర్ (రేకు లోపలి వైపు పట్టించే పూత) ఉందా, బయటి పెయింటు కాపాడుకోవాల్సిందా, రేకులో ఇంకా ఎంత బలం మిగిలింది. ఈ మూడింటికీ జవాబు దొరికితే పద్ధతుల్లో సగం వాటంతట అవే పక్కకు పోతాయి.

ముందు లోపలికి తొంగి చూడాలి

పెట్రోల్ వంపేసిన ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం. ద్రవం పోయినా ఆవిరి లోపలే ఉంటుంది, గాలితో కలిసి చిన్న నిప్పురవ్వకే అంటుకునే స్థితిలో ఉంటుంది. కాబట్టి మూత, పెట్రోల్ కాక్, ఫ్యూయల్ సెన్సర్ ఉంటే అదీ, రబ్బరు వాషర్లతో సహా విప్పేసి, వేడినీళ్లలో డిటర్జెంట్ కలిపి వాసన పోయేదాకా కడగండి. ఈ కడుగుడు భద్రత కోసమే కాదు. తుప్పు మీద పెట్రోల్ జిగురు, నూనె జిడ్డు ఉంటే తర్వాత పోసే ఏ మందూ ఇనుముకు తగలదు. తుప్పు పోలేదు, మందు డూప్లికేట్ అని తిట్టుకునే వాళ్లలో చాలామంది ఈ మెట్టు దాటేసిన వాళ్లే.

కడిగి ఆరబెట్టాక ఫోన్‌కు తగిలించే చిన్న ఎండోస్కోప్ కెమెరా లోపలికి దించి చూడండి. నీళ్లు పెట్రోల్ కంటే బరువు కాబట్టి అడుగున చేరతాయి. అందుకే ఫ్రేమ్ మీద కూర్చోవడానికి ట్యాంకు అడుగున ఉండే సొరంగంలాంటి గాడికి అటూ ఇటూ ఉన్న పల్లాల్లో, కాక్ చుట్టూ తుప్పు ఎక్కువగా ఉంటుంది. సగం పెట్రోల్‌తో ఏళ్ల తరబడి మూలనపడ్డ బండి అయితే పైకప్పు కూడా తుప్పు పట్టి ఉంటుంది, గాలిలోని తేమ అక్కడ చెమ్మగా దిగుతుంది కాబట్టి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ అయితే ఇంకో చిక్కు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, నీరు ఒక హద్దు దాటాక రెండూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. ఆ పొర రేకును మామూలు నీటి కంటే బాగా తింటుంది.

రేకు బలం చూడటానికి అడుగు అతుకుల వెంట బొటనవేలితో గట్టిగా నొక్కండి, అనుమానం ఉన్నచోట మొద్దు పిడితో చిన్నగా తట్టండి. లోపలికి దిగినట్టు అనిపిస్తే అక్కడ రేకు కాగితమే. తర్వాత చీకటి గదిలో ట్యాంకులోకి బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్ఈడీ దించి బయట నుంచి చూస్తే సూదిమొన చిల్లులు చుక్కల్లా మెరుస్తాయి. ఏమీ కనిపించకపోయినా చిల్లులు లేవని పూర్తిగా నమ్మకండి. చాలా పాత ట్యాంకుల్లో ఆ చిల్లులను తుప్పో, పాత లైనరో మూసి ఉంచుతుంది. అది తీశాకే అసలు లెక్క తేలుతుంది.

లైనర్ ఉంటే తుప్పు సంగతి తర్వాత

ఇది వరుస తప్పకూడని చోటు. సిట్రిక్ యాసిడ్ అయినా, కరెంటు పద్ధతి అయినా లైనర్‌ను దాటి రేకును చేరదు. లైనర్ కింద తుప్పు అలాగే పాకుతుంటుంది, పైన మీరు పోసిన మందు వృథా.

ఇలాగని లైనర్ కనిపించగానే తీసేయాల్సిన పనీ లేదు. ఎక్కడా పైకి లేవకుండా, రంగు మారకుండా, గోకితే ఊడకుండా ఉంటే దాన్ని ముట్టుకోవద్దనే నేను చెబుతాను. ఒక్కచోట అంచు లేచినా, బుడగ కట్టినా మాత్రం మొత్తం తీయాల్సిందే. పాత గోడ మీద సున్నం పెచ్చుల్లా ఊడిన ముక్కలు కాక్‌లోని జాలీలో, అది దాటితే కార్బొరేటర్ జెట్‌లో ఇరుక్కుంటాయి. బండి స్పీడు ఎక్కగానే దగ్గి ఆగిపోవడం, కాసేపాగి మళ్లీ స్టార్ట్ కావడం ఆ లక్షణమే. పాతది లేస్తుంటే దాని మీదే కొత్త లైనర్ పోయడం కంటే అసలు పోయకపోవడం నయం.

ఏ రకం లైనరో తెలుసుకోవడానికి ఒక పుల్లకు దూది చుట్టి ఎసిటోన్ అనే ద్రావకంలో ముంచి, మూత దగ్గరి మెడ లోపల కనిపించే లైనర్ మీద కొన్ని నిమిషాలు ఆనించి ఉంచండి. దూదికి రంగు అంటుకుని, లైనర్ మెత్తబడి, గోటికి జిగురుగా లేస్తే పని సులువు. క్రీమ్ అనే పాత తెల్ల లైనర్, రెడ్‌కోట్ అనే ఎర్రది ఈ కోవలోవి, ఎసిటోన్‌కో, ఎంఈకే అనే అలాంటిదే ఇంకో ద్రావకానికో కరుగుతాయి. దూది శుభ్రంగా తిరిగొచ్చి, లైనర్ గాజులా గట్టిగా ఉంటే అది ఎపాక్సీయో, వెండి రంగులో ఉంటే యూరెథేన్ రకమో అయి ఉంటుంది. వాటి దారి వేరు.

కరిగే రకానికి ఒకటి రెండు లీటర్ల ఎసిటోన్ చాలు, ట్యాంకు నింపనక్కర్లేదు. మూత, కాక్ రంధ్రాలన్నీ మూసి, గంటకోసారి ట్యాంకును ఒక్కో పక్కకు పడుకోబెట్టి, సాయంత్రానికి మురికి ద్రవం వంపేసి కొత్తది పోయాలి. మొదటిసారి బయటికొచ్చేది చిక్కటి గంజిలా ఉంటుంది, ఆ తర్వాత పొరలు పొరలుగా చుట్టుకుపోయిన తోలులాంటి ముక్కలు వస్తాయి. వాటిని మూత రంధ్రంలోంచి పొడవాటి పట్టకారుతోనో, కొస వంచిన తీగతోనో లాగాలి. వంపిన ద్రవం తేటగా వచ్చేదాకా ఇదే పని. ఎంఈకే ఎసిటోన్ కంటే నిదానంగా ఆవిరవుతుంది, కాబట్టి వేడిగా ఉన్నచోట అది ఎక్కువసేపు పనిచేస్తుంది, కానీ కళ్లకు, గొంతుకు ఎక్కువ మంట. దొరికితే నా ఓటు ముందు ఎసిటోన్‌కే.

రెండింటితోనూ రెండు జాగ్రత్తలు. ఆ రంధ్రాలు మూయడానికి మామూలు నైట్రైల్ రబ్బరు వాడితే ఎసిటోన్‌లో ఉబ్బి జారిపోతుంది. బ్యూటైల్ లేదా ఈపీడీఎం రబ్బరు, లేకపోతే టెఫ్లాన్ టేపు చుట్టిన బోల్టు వాడండి. మూసిన ట్యాంకులో ఆవిరి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ఎండలో పెట్టకూడదు, మూత తీసేటప్పుడు కొంచెం కొంచెంగా వదులు చేయాలి. ఇక పెయింటు సంగతి: ఒక్క చుక్క ఎసిటోన్ పాత పెయింటు మీద పడి పది సెకన్లు నిలిస్తే అక్కడ మచ్చ ఖాయం. పోసేటప్పుడు మెడ చుట్టూ తడిగుడ్డ కప్పి, గరాటు వాడండి. ఒరిజినల్ పెయింటు, బంగారు గీతలు ఉన్న ట్యాంకు అయితే ఈ పనికి ఇద్దరు మనుషులు ఉండాలి, ఒకరు పోయడానికి, ఒకరు గుడ్డ పట్టుకోవడానికి.

ఎపాక్సీ, యూరెథేన్‌లకు బాగా పనిచేసేది డైక్లోరోమీథేన్ ఉన్న పెయింట్ రిమూవర్. మొండి లైనర్‌ను కూడా గంటల్లో ముడతలు తెప్పిస్తుంది. కానీ ఆ ఆవిరి పీల్చితే శరీరంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. గాలి ఆడని గదుల్లో దీనితో పనిచేస్తూ మనుషులు చనిపోయారు. అమెరికాలో 2019 నుంచి పెయింటు తీసే మందుగా దీన్ని మామూలు జనానికి అమ్మడం ఆపేశారు, యూరప్‌లో అంతకు ముందే కట్టడి పెట్టారు. పల్చటి నైట్రైల్ గ్లవ్స్‌లోంచి కూడా ఇది నిమిషాల్లో దిగిపోతుంది. ఇంటి పనికి ఇది వద్దు, ఎంత తొందర ఉన్నా సరే. బెంజైల్ ఆల్కహాల్ రిమూవర్లు నిదానం, రెండు మూడు విడతలు పట్టొచ్చు, కొన్ని లైనర్లను అసలు కదపలేవు కూడా, అయినా ఇంట్లో ప్రయత్నించదగ్గవి అవే. అవీ ఓడిపోతే ట్యాంకును పెయింటు తీసే షాపుకు ఇవ్వడమే.

వేడి చేసి కాల్చేయడం గురించి కూడా వింటుంటాం. పెయింటు ఎలాగూ పోయేదైతే, నియంత్రణ ఉన్న ఓవెన్‌లో, షాపు వాళ్లు చేస్తే సరే. అతుకులకు సోల్డర్ వాడిన పాత ట్యాంకుల్లో ఆ సోల్డర్ కరిగి కారుతుంది. బ్లో ల్యాంప్ పట్టుకుని ఇంట్లో చేసే పని మాత్రం కాదు ఇది.

తుప్పుకు ఏది?

పెచ్చులు కట్టిన మందపాటి తుప్పు అయితే మందు ఏదైనా ముందు ట్యాంకులో ఏదైనా గోకేది వేసి కొంచెం ఊపుడు పని చేయాలి. పాత సైకిల్ చైన్ ముక్క ఇందుకు చాలా మంచిది, ఒక్క కొస పట్టుకుని లాగితే మొత్తం బయటికి వస్తుంది. నట్లు, స్క్రూలు వేస్తే వేసేముందు లెక్కపెట్టి, తీశాక మళ్లీ లెక్కపెట్టండి. ఇనుపవి అయితే అయస్కాంతానికి దొరుకుతాయి, ఇత్తడివి దొరకవు. గులకరాళ్లు వద్దు, వాటి పొడి మిగిలిపోతుంది. రేకు పల్చబడిందని ముందే తేలిన ట్యాంకుకు ఈ ఊపుడు అసలు వద్దు.

మామూలు ట్యాంకుకు, అంటే లైనర్ లేక, చిల్లులు లేక, ఎర్రటి తుప్పు పట్టి ఉన్నదానికి, నేను మొదట చెప్పేది నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్ పొడి. లీటరు వేడినీటికి 50 నుంచి 100 గ్రాములు కలిపి, ట్యాంకు మెడదాకా నింపి ఉంచడమే. నింపడం ముఖ్యం, ఎందుకంటే ద్రవం తగలని పైకప్పు తుప్పు అలాగే ఉంటుంది, ద్రవం నిలిచిన గీత దగ్గర రేకు మీద మచ్చ పడుతుంది. కొన్ని గంటల్లో నీళ్లు పసుపు పచ్చగా, తర్వాత ముదురుగా మారతాయి. పల్చటి తుప్పు రాత్రికి రాత్రే పోతుంది, మొండిది రోజంతా తీసుకుంటుంది, అవసరమైతే వంపేసి కొత్తది కలపాలి. తెల్లటి ఇనుము కనిపించి దాని మీద సన్నటి బుడగలు లేస్తుంటే ఇక యాసిడ్ తినేది తుప్పును కాదు, రేకును. అప్పుడు ఆపాలి. మరిచిపోయి రోజుల తరబడి వదిలేస్తే నల్లటి మడ్డి పొర రేకుకు అంటుకుని, దాన్ని తీయడం ఇంకో పని అవుతుంది.

వెనిగర్ కూడా ఇదే కుటుంబం, 5 శాతం ఎసిటిక్ యాసిడ్. నీళ్లు కలపకుండా ట్యాంకు నిండా పోసి రెండు మూడు రోజులు ఉంచాలి, వాసన భరించాలి. పొడి దొరికేచోట వెనిగర్‌కు పెట్టే ఖర్చులో అర్థం లేదు. తొందరగా పనవ్వాలని అందులో ఉప్పు కలపమని చెప్పే వాళ్ల మాట వినకండి. ఉప్పులోని క్లోరైడ్ అతుకుల సందుల్లో చేరితే ఎంత కడిగినా కొంత మిగులుతుంది, అక్కడి నుంచే తుప్పు మళ్లీ మొదలవుతుంది. ఒక పాలు మొలాసిస్ (చెరకు మడ్డి) తొమ్మిది పాళ్ల నీటిలో కలిపి వారాల పాటు నానబెట్టే పద్ధతి నిజంగానే పనిచేస్తుంది, రేకుకు సౌమ్యమే. కానీ అది పులిసి, నురగ కట్టి, వాసన వీధి చివరిదాకా వెళుతుంది. తీరిక ఉన్నవాళ్లకు.

ఫాస్ఫారిక్ యాసిడ్ వేరే కారణానికి ఎంచుకోవాలి. అది తుప్పును కరిగించడంతో పాటు రేకు మీద బూడిద రంగు ఫాస్ఫేట్ పొర వదులుతుంది. ఆ పొర వల్ల కడిగిన వెంటనే వచ్చే తుప్పు కొంత నెమ్మదిస్తుంది, తర్వాత లైనర్ వేస్తే దానికి పట్టు బాగుంటుంది. కాబట్టి కొత్త లైనర్ వేయాలని ముందే నిర్ణయించుకున్న ట్యాంకుకు సిట్రిక్ కంటే ఇదే మేలు. కొన్ని గంటల పని, గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి, క్రోమ్ పక్కలున్న ట్యాంకు మీద చిందితే వెంటనే నీళ్లు.

హైడ్రోక్లోరిక్ యాసిడ్ గురించి ఎక్కువ చెప్పను. నిమిషాల్లో తుప్పు పోతుంది, వెంటనే రేకునూ తినడం మొదలుపెడుతుంది. అతుకుల్లో క్లోరైడ్ వదులుతుంది, దాని ఆవిరికి అదే గదిలో ఉన్న స్పానర్లు కూడా తుప్పు పడతాయి, పొరపాటున బ్లీచ్ తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. కొన్ని ట్యాంకుల్లో లోపల కంపెనీ వేసిన పల్చటి జింక్ పూత ఉంటుంది, దాన్ని క్షణాల్లో మింగేస్తుంది. పాత ట్యాంకు మీద దీన్ని వాడటానికి నాకు ఒక్క కారణమూ కనిపించదు.

రేకు పల్చబడిన ట్యాంకుకు, లేదా పెయింటు ప్రాణంతో సమానమైన ట్యాంకుకు, రెండు దారులున్నాయి. ఒకటి యాసిడ్ లేని రస్ట్ రిమూవర్లు, ఇవాపోరస్ట్ లాంటివి. ఇవి తుప్పులోని ఇనుమును పట్టుకుని ద్రవంలోకి లాగుతాయి, మంచి ఇనుము, పెయింటు, రబ్బరు, క్రోమ్ జోలికి పోవు. 20 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటే మందకొడిగా పనిచేస్తాయి, ఒక రోజు పట్టొచ్చు. వడగట్టి మళ్లీ వాడుకోవచ్చు, నల్లగా మారి పని మానేసేదాకా. అడ్డంకి ఖర్చే, 12 లీటర్ల ట్యాంకు నిండా పోయాలంటే ఎవరైనా ఒక్కసారి ఆలోచిస్తారు. సగం పోసి అటూ ఇటూ తిప్పుతూ ఉండొచ్చు, కానీ ప్రతి పక్కా పూర్తి సమయం మునిగి ఉండేలా చూడాలి.

రెండోది ఎలక్ట్రోలిసిస్, అంటే మొదట చెప్పిన కరెంటు పద్ధతి, టెన్షన్ పెట్టే పేరు కానీ పని సులువు. ట్యాంకు నిండా నీళ్లు, 4 లీటర్లకు ఒక టేబుల్ స్పూన్ చొప్పున వాషింగ్ సోడా. మూత రంధ్రంలోంచి మామూలు ఇనుప కడ్డీ ఒకటి వేలాడదీయాలి, అది ట్యాంకుకు ఎక్కడా తగలకూడదు. మెడ దగ్గర రబ్బరు బిరడా, కింద కొసకు ప్లాస్టిక్ జాలీ చుడితే తగలదు. 12 వోల్టుల పాతకాలపు ఛార్జర్ నెగటివ్ ట్యాంకుకు, పాజిటివ్ కడ్డీకి. తారుమారు చేస్తే కరిగేది మీ ట్యాంకే, కాబట్టి స్విచ్ వేసేముందు రెండుసార్లు చూసుకోండి. కొత్త స్మార్ట్ ఛార్జర్లు చాలావరకు బ్యాటరీ కనబడలేదని కరెంటే ఇవ్వవు. కొన్ని గంటలకోసారి కడ్డీని తీసి పట్టిన మడ్డి గోకి మళ్లీ పెట్టాలి. స్టీలు కడ్డీ మెరుస్తుంది కదా అని స్టెయిన్‌లెస్ వాడకండి, అందులోని క్రోమియం విషపూరితమైన రూపంలో నీళ్లలోకి వస్తుంది. సోడా బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది. ట్యాంకు లోపల హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ పుడతాయి కాబట్టి ఆరుబయట, మూత తెరిచి, దగ్గర్లో నిప్పు లేకుండా చేయాలి, ముందు మెయిన్ స్విచ్ ఆపాకే క్లిప్పులు విప్పాలి.

దీని గొప్ప గుణం, ఎంతసేపు ఉంచినా మంచి రేకు తగ్గదు. లోపం, కడ్డీకి ఎదురుగా ఉన్న చోటే బాగా పనిచేస్తుంది. సొరంగం వెనక దాక్కున్న మూలలకు చేరదు. అందుకే ఒకసారి మూతలోంచి, మరోసారి కాక్ రంధ్రంలోంచి కడ్డీ పెట్టాల్సి వస్తుంది. మొండి మూలలు మిగిలితే చివర్లో సిట్రిక్‌తో చిన్న విడత వేసుకోవచ్చు.

ఇదంతా ఇనుప ట్యాంకుల మాట. అల్యూమినియం ట్యాంకులో వాషింగ్ సోడా పోస్తే లోహాన్నే తింటుంది. ఫైబర్‌గ్లాస్ ట్యాంకులో తుప్పు ఉండదు, కానీ ఎసిటోన్ దాని రెజిన్‌ను మెత్తబరుస్తుంది, ఇథనాల్ కూడా పాత రెజిన్‌ను పాడుచేస్తుంది.

కడిగాక అరగంట

యాసిడ్ వంపిన క్షణం నుంచి బోసి ఇనుము గాలికి, నీటికి దొరుకుతుంది. చూస్తుండగానే నారింజ రంగు పొర వస్తుంది. అందుకే కావలసినవన్నీ పక్కన పెట్టుకుని మొదలుపెట్టాలి. నీళ్లతో కడుగు, వంట సోడా కలిపిన నీళ్లతో యాసిడ్ చంపు, మళ్లీ నీళ్లు, వెంటనే అర లీటరు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి అన్ని వైపులా తిప్పి వంపు. మిగిలిన నీటిని ఆల్కహాల్ తనతో తీసుకుపోతుంది. ఆ తర్వాత గాలి. ఇక్కడ హెయిర్ డ్రైయర్ పెట్టే వాళ్లున్నారు, లోపల ఆల్కహాల్ ఆవిరి ఉండగా ఎర్రగా కాలే తీగ ఉన్న యంత్రం మూతి పెట్టడం ఆత్మహత్యా ప్రయత్నమే. కంప్రెసర్ గాలిని చిన్నగా, మూత తెరిచి ఉంచి వదలండి. రంధ్రాలన్నీ మూసి గాలి ఎక్కిస్తే పల్చటి ట్యాంకు ఉబ్బిపోతుంది.

ఆరగానే లైనర్ వేయని ట్యాంకులో కాస్త టూ-స్ట్రోక్ ఆయిల్ కలిపిన పెట్రోల్ పోసి బాగా తిప్పండి, రేకు మొత్తానికి నూనె అంటుకుంటుంది. ఫాస్ఫారిక్ వాడి లైనర్ వేయబోతున్న ట్యాంకుకు నూనె చుక్క కూడా తగలకూడదు, సోడాతో కడగాలా వద్దా అనేది ఆ లైనర్ డబ్బా మీద రాసినట్టే చేయాలి.

అసలు కొత్త లైనర్ కావాలా?

చిల్లులు లేని, తుప్పు పోయి గట్టి రేకు కనిపిస్తున్న ట్యాంకుకు వద్దు. తరచూ నడిపే బండి అయితే నిండు ట్యాంకే దానికి కాపలా. లైనర్ విఫలమయ్యేది ఎక్కువగా మందు నాణ్యత వల్ల కాదు, కింద మిగిలిన తడి, జిడ్డు, తుప్పు పొడి వల్ల. ఇంట్లో ఆ మూడూ లేకుండా చేయడం నిజంగానే కష్టం, లోపల చెయ్యి పెట్టి చూడలేం కదా.

సూదిమొన చిల్లులు ఒకటి రెండు ఉంటే వెల్డింగ్ లేదా బ్రేజింగ్ చేయించుకోవడం లైనర్ కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. పెట్రోల్ ట్యాంకులకు అలవాటుపడి, లోపల జడవాయువు నింపి పనిచేసే వాళ్లకే ఇవ్వండి. అడుగంతా జల్లెడలా చిల్లులు పడితే, వేరే ట్యాంకు దొరకని మోడల్ అయితే, అప్పుడు లైనర్‌కు అర్థం ఉంది. అలాంటప్పుడు ఇథనాల్ తట్టుకుంటుందని స్పష్టంగా రాసి ఉన్న ఎపాక్సీ రకం తీసుకోండి. కరిగే రకాలు మళ్లీ ఏదో ఒక రోజు తీయడానికి సులువు, కానీ ఇథనాల్ పెట్రోల్‌కు మెత్తబడే గుణం వాటికే ఎక్కువ. పోసేటప్పుడు కాక్ రంధ్రం మరలు, మూతలోని గాలి రంధ్రం మూసుకుపోకుండా మైనం పెట్టి కాపాడాలి. గాలి రంధ్రం మూసుకుపోతే బండి పది కిలోమీటర్లు నడిచి పెట్రోల్ అందక ఆగిపోతుంది, లైనర్ తప్పు అనుకుని అంతా మళ్లీ విప్పాల్సి వస్తుంది.

వాడేసిన ఎసిటోన్, లైనర్ కరిగిన గుజ్జు కాలువలో పోయకండి, మూత ఉన్న డబ్బాలో పెట్టి రసాయన వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. కాక్ బిగించేటప్పుడు రబ్బరు సీళ్లు కొత్తవి వేయండి, పైపు మధ్యలో పారదర్శకంగా కనిపించే ఫిల్టర్ ఒకటి పెట్టండి. మొదటి రెండు మూడు ట్యాంకుల పెట్రోల్ అయిపోయేదాకా దానిలో ఎర్రటి పొడి చేరుతూనే ఉంటుంది. ఆ పొడి ఆగిపోతే ఆ ఫిల్టర్ తీసి కొత్తది వేయండి. ఆగకపోతే ఎండోస్కోప్ మళ్లీ దించి, సొరంగం వెనక మూలలు చూడండి.